గాలికి చెప్పవలసిన లెక్క

మోటారు కార్ల లోకంలో ఇథనాల్‌కు రెండు రకాల పేరుంది. వేగాన్ని కోరేవారికి అది మామూలు బంకులో దొరికే పందెపు ఇంధనం. పర్యావరణం గురించి ఆలోచించేవారికి అది మొక్కజొన్న నుంచో చెరకు నుంచో తీసిన, పెట్రోలు కంటే శుభ్రంగా మండే ఇంధనం. ఇంజిన్ బలాన్ని కంపెనీ పెట్టిన హద్దు దాటించి, దాన్ని నడిపే కంప్యూటర్‌లోని లెక్కలను మార్చి రాయించి, అంటే ట్యూనింగ్ చేయించి, అందులో ఇథనాల్ పోసి నడిపేవారి విషయంలో ఈ రెండు పేర్లూ ఒకే కారులో కలుస్తాయి. తన కారు బలమైనదే కాక శుభ్రమైనది కూడా అన్న నమ్మకం ఆ యజమానిలో సహజంగానే పుడుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆ నమ్మకం సాధారణంగా రెండేళ్లకోసారి ప్రభుత్వ ఉద్గార పరీక్ష ముందు నిలబడవలసి వస్తుంది. ‘స్మాగ్ చెక్’ అనే ఆ పరీక్షలో అలాంటి కారు తప్పినప్పుడు యజమాని అడిగే ప్రశ్న ఒకటే: శుభ్రమైన ఇంధనంతో నడిచే కారు పొగ పరీక్షలో ఎలా తప్పుతుంది? తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదది. శుభ్రత ఇంధనంలో ఉంటుందా, ఇంజిన్‌లో ఉంటుందా, అది ఉన్నదని ఎదుటివారికి ఎవరు, ఎలా రుజువు చేయాలి అన్న విచారణ అంతా అందులోనే ఇమిడి ఉంది.

ఇథనాల్‌పై వేగప్రియులకున్న మక్కువకు రసాయనశాస్త్రంలో గట్టి ఆధారమే ఉంది. పెట్రోల్ ఇంజిన్ సిలిండర్‌లో గాలి, ఇంధనాల మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది, తగిన క్షణంలో స్పార్క్ ప్లగ్ దాన్ని అంటిస్తుంది. టర్బోచార్జర్ వంటి సాధనంతో మరింత గాలిని కూరి పీడనం పెంచినకొద్దీ బలం పెరుగుతుంది. కానీ ఒక హద్దు దాటాక మిశ్రమంలో మంట ఇంకా చేరని భాగం ఆ వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటుంది. దీన్నే నాకింగ్ అంటారు; అది తీవ్రంగా ఉంటే పిస్టన్ పగలడానికి ఎంతోసేపు పట్టదు. నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలమానం ఆక్టేన్ సంఖ్య. బంకులలో దొరికే పెట్రోలు రకాలకు ఇది ప్రయోగశాల కొలతలో 91 నుంచి 98 వరకు ఉంటే, ఇథనాల్‌కు 108 ప్రాంతంలో ఉంటుంది. దానికి తోడు, ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల నుంచి లాక్కునే వేడి, అంటే బాష్పీభవన గుప్తోష్ణం, పెట్రోలుకు కిలోకు సుమారు 350 కిలోజౌళ్లయితే ఇథనాల్‌కు 900కు దగ్గరగా ఉంటుంది. పైగా ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే కాబట్టి దాన్ని మండించడానికి గాలి తక్కువ కావాలి: కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావలసిన చోట కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే అంతే గాలిలోకి ఇథనాల్‌ను ఎక్కువగా పోయవలసి వస్తుంది, పోసిన ప్రతి బొట్టూ ఎక్కువ వేడిని లాక్కుంటుంది. రెండూ కలిసి, సిలిండర్‌లోకి వెళ్లే గాలి నుంచి ఇథనాల్ తీసివేయగల వేడి పెట్రోలు తీసివేసేదానికి దాదాపు నాలుగు రెట్లవుతుంది. చల్లబడిన గాలి చిక్కబడుతుంది, నాకింగ్ వెనక్కు తగ్గుతుంది, ట్యూనర్ టర్బో పీడనాన్ని పెంచడానికీ స్పార్క్‌ను ఇంకొంత ముందుగా ఇప్పించడానికీ చోటు దొరుకుతుంది.

ఈ లాభం ఎంతటిదో కంపెనీలే తయారుచేసిన కార్లు చూపించాయి. స్వీడన్‌కు చెందిన కోనిగ్‌సెగ్ సంస్థ 2007లో తెచ్చిన సీసీఎక్స్ఆర్ కారు, 806 హార్స్‌పవర్ ఇచ్చే పెట్రోలు కారు సీసీఎక్స్‌కు ఇథనాల్ రూపమే అయినా, 1,018 హార్స్‌పవర్ ఇచ్చింది. అమెరికాలో డాడ్జ్ సంస్థ 2023లో ప్రకటించిన డెమన్ 170 మామూలు పెట్రోలుతో 900, ఇథనాల్ పాలు ఎక్కువగా ఉండే ఈ85 ఇంధనంతో 1,025 హార్స్‌పవర్ ఇస్తుంది. ఈ రెండో కారు ఈ చర్చకు ముఖ్యమైనది. ఎందుకంటే అది రోడ్డు మీద తిరగడానికి ఉద్గార ధ్రువీకరణ పొంది అమ్ముడైన కారు. ఇథనాల్ బలం, శుభ్రమైన పొగ ఒకే ఇంజిన్‌లో ఇమడవన్న వాదనకు అది చాలినంత సమాధానం. కనుక ట్యూనింగ్ చేయించిన కారు పరీక్షలో తప్పడానికి కారణం ఇథనాల్ స్వభావంలో వెతకవలసింది కాదు, మరోచోట వెతకాలి.

ఇథనాల్‌కు నాకింగ్‌ను ఆపే గుణం ఉందన్న సంగతి నూరేళ్ల నాడే తెలుసు. జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో చార్లెస్ కెటరింగ్ పర్యవేక్షణలో పనిచేసిన థామస్ మిడ్‌గ్లీ, ఆల్కహాల్ కలిపిన పెట్రోలు నాకింగ్‌ను తట్టుకుంటుందని స్వయంగా ఎరిగినవాడే. అయినా 1921లో ఆ పరిశోధనశాల గుర్తించిన టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం అతి స్వల్ప మోతాదులోనే ఆ పని చేయగలగడం, దానిపై పేటెంట్ లాభం దక్కడం వల్ల పరిశ్రమ అటే మొగ్గింది. 1923లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో సీసం కలిపిన పెట్రోలు మొదటిసారి అమ్మకానికి వచ్చింది. విషమని తెలిసిన లోహాన్ని తరాల తరబడి పిల్లలు పీల్చే గాలిలోకి వదిలిన ఆ నిర్ణయం మోటారు చరిత్రలోని అతి పెద్ద తప్పులలో ఒకటి. సీసం పోవడానికి దారి తీసిన కారణాలలో ఒకటి కాలిఫోర్నియా గాలే. 1943 వేసవిలో లాస్ ఏంజిలెస్ నగరాన్ని కళ్లు మండించే పొగమంచు కమ్మింది; అక్కడి కాల్‌టెక్ విద్యాసంస్థలో అనాసపండు పరిమళంపై పరిశోధన చేస్తున్న ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయనశాస్త్రవేత్త తరువాతి సంవత్సరాలలో దాని పుట్టుకను విప్పి చెప్పాడు. కార్ల నుంచి వెలువడే మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ వంటి పదార్థాలుగా మారడమే ఆ పొగమంచు, అంటే స్మాగ్, అని ఆయన నిరూపించాడు. 1960 దశకం చివర ఏర్పడిన కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి ఆయనే తొలి అధ్యక్షుడు. 1975 మోడల్ కార్లతో పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. ప్లాటినం, పలేడియం, రోడియం వంటి లోహాల పూతతో విష వాయువులను నిరపాయకరంగా మార్చే ఆ ఉత్ప్రేరక పాత్ర సీసం తగిలితే పనికిరాకుండా పోతుంది గనుక సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది.

సీసాన్ని బంకుల నుంచి వెళ్లగొట్టిన ఆ పాత్రే ఇథనాల్ కారు శుభ్రతను కూడా తేలుస్తుంది. నేటి కన్వర్టర్ ఒకేసారి మూడు పనులు చేస్తుంది: కార్బన్ మోనాక్సైడ్‌ను, మండని ఇంధనపు ఆవిరిని ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారుస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ను విడదీసి నైట్రోజన్‌ను వదులుతుంది. ఈ పనులు మూడూ కలిసి సాగాలంటే గాలికీ ఇంధనానికీ మధ్య నిష్పత్తి చాలా ఇరుకైన హద్దులో నిలవాలి. ఉన్న గాలికి సరిగ్గా సరిపడే ఇంధనం పడినప్పటి స్థితిని ల్యామ్డా ఒకటి అంటారు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి ఆ స్థితిని పసిగట్టే సెన్సర్‌ను బాష్ సంస్థ తయారుచేయగా, 1976లో వోల్వో సంస్థ అమెరికాకు పంపే కార్లలో మొదటిసారి అమర్చింది. ఆ సెన్సర్‌కు ఇంధనం పేరుతో పని లేదు. పెట్రోలైనా ఇథనాలైనా పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందన్నదే అది చూస్తుంది కాబట్టి, ఇంజిన్ వేడెక్కి నిలకడగా నడుస్తున్నప్పుడు, లెక్కలు సరిగా రాసిన ఇథనాల్ కారు పొగ చాలా శుభ్రంగానే ఉంటుంది. పెట్రోలుతో వచ్చే బెంజీన్ వంటి క్యాన్సర్ కారకాలు బాగా తగ్గుతాయి. అదే సమయంలో ఇథనాల్ సగంలో మండి మిగిల్చే అసిటాల్డిహైడ్ పెరుగుతుంది. ఈ రెండో సంగతిని ఇథనాల్ అభిమానులు అంతగా ప్రస్తావించరు, ప్రస్తావించి తీరాలి.

అసలు చిక్కు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వస్తుంది. కన్వర్టర్ సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి ఎక్కేదాకా దాదాపు ఏ పనీ చేయదు. అందుకే కొత్త తరం కార్లలో ఒక ప్రయాణం మొత్తం మీద వెలువడే మండని ఇంధనపు ఆవిరిలో అధిక భాగం మొదటి ఒకటి రెండు నిమిషాలలోనే బయటికి పోతుంది. పెట్రోలు వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో కొన్ని గడ్డకట్టే చలిలో కూడా ఆవిరై మంట అందుకుంటాయి. ఇథనాల్ ఒకే పదార్థం, 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, చలి ఉదయం దాని నుంచి లేచే ఆవిరి నిప్పు అందుకోవడానికి చాలదు. రాత్రంతా ఆరుబయట నిలిచిన కారును అప్పుడు స్టార్ట్ చేస్తే, సిలిండర్‌లో పడిన ఇథనాల్‌లో కొంత భాగమే ఆవిరవుతుంది, మిగిలినది గోడలకు తడిగా అంటుకుంటుంది. ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి కంప్యూటర్ అవసరానికి మించి ఇంధనాన్ని కుమ్మరించవలసి వస్తుంది. ఆ మిగులు అంతా ఇంకా నిద్రలేవని కన్వర్టర్ గుండా ఆల్కహాల్‌గా, అసిటాల్డిహైడ్‌గా వీధిలోకి పోతుంది. ట్యూనింగ్ చేసిన కారులో ఇది మరింత కష్టం. ఇథనాల్ ఎక్కువ పోయాలి గనుక యజమాని పాత ఇంజెక్టర్లు తీసి, నిమిషానికి ఎంతో ఎక్కువ ద్రవం వదిలే పెద్ద ఇంజెక్టర్లు వేయిస్తాడు. పూర్తి వేగంలో అవి చక్కగా పనిచేస్తాయి. ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు మాత్రం అవి సెకనులో వెయ్యవ వంతుల కాలమే తెరుచుకోవాలి. అంత తక్కువ కాలంలో వదిలిన ఇంధనం లెక్కకు సరిపోదు, ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా పడుతుంది. ట్యూనర్ కారును రోలర్ల మీద ఎక్కించి, అంటే డైనోపై పెట్టి, వేడెక్కిన ఇంజిన్‌ను పూర్తి త్రాటిల్‌లో లాగించి అంకెలు చూస్తాడు. చల్లటి ఉదయపు మొదటి నిమిషాన్ని సరిదిద్దాలంటే కారును రాత్రంతా చల్లబరచి, మరునాడు ఒక్కసారి ప్రయత్నించి, తప్పితే మళ్లీ ఒక రాత్రి ఆగాలి. ఆ ఓపికకు డబ్బిచ్చే ఖాతాదారులు తక్కువ. గాలికి జరిగే హాని మాత్రం ఆ ఒక్క నిమిషంలోనే ఎక్కువ.

ఈ85 అన్న పేరు కూడా కొంత జాగ్రత్తగా చదవవలసినది. అందులో ఇథనాల్ 85 శాతం ఉంటుందని పేరు చెబుతున్నా, అమెరికా ప్రమాణం ప్రకారం అది ఋతువును, ప్రాంతాన్ని బట్టి 51 నుంచి 83 శాతం వరకు ఎంతైనా ఉండవచ్చు. చలికాలంలో స్టార్టింగ్ ఇబ్బంది తగ్గించడానికి పెట్రోలు పాలు పెంచుతారు. అక్టోబరులో ఒక మిశ్రమానికి రాసిన లెక్క జనవరిలో మరో మిశ్రమానికి సరిపోదు. దీనికి చేసే ఏర్పాటే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్. ఇంధనపు గొట్టంలో అమర్చిన ఈ చిన్న సాధనం గుండా ద్రవం ప్రవహిస్తుంటే, విద్యుత్ క్షేత్రానికి ఇథనాల్, పెట్రోలు స్పందించే తీరులోని పెద్ద తేడాను పట్టుకుని, ఇథనాల్ అసలు లేకపోతే సెకనుకు 50, పూర్తిగా ఇథనాలే అయితే 150 చొప్పున అది సంకేతాలు పంపుతుంది. కంప్యూటర్ ఆ సంఖ్య చూసి ఇంధనం మోతాదును, స్పార్క్ సమయాన్ని అప్పటికప్పుడు సవరిస్తుంది. సెన్సర్ లేకుండా ఒకే మిశ్రమాన్ని నమ్ముకుని లెక్క రాయించుకున్న కారులో, మార్పులేవీ చేయకుండా ఈ85 పోసిన మామూలు కారులోలాగే, ఆక్సిజన్ సెన్సర్ చూపిన లోటును భర్తీ చేయడానికి కంప్యూటర్ ఇంధనాన్ని పెంచుతూ పోతుంది. ఆ సవరణ తన హద్దును తాకాక, మిశ్రమంలో ఇంధనం చాలడం లేదని చెప్పే పీ0171 కోడ్ నమోదై చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. లైటు వెలిగిన కారు స్మాగ్ చెక్‌లో తప్పుతుంది. ఇక్కడిదాకా పరీక్ష న్యాయమే: మిశ్రమం తప్పిన కారు పొగ కూడా తప్పినదే.

స్మాగ్ చెక్ 1984లో మొదలైంది. పాత కార్లకు ఇప్పటికీ పొగగొట్టంలో గొట్టం పెట్టి వాయువులను కొలుస్తారు. 2000 సంవత్సరం, ఆ తరువాతి మోడళ్ల పెట్రోలు కార్లకు పొగను కొలవరు. కారులోని కంప్యూటర్‌ను ప్రశ్నిస్తారు. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లలో తప్పనిసరి అయిన ఓబీడీ-2 వ్యవస్థ, కన్వర్టర్, సెన్సర్లు, ట్యాంకు మూత వంటి వాటిని కారు నడుస్తుండగానే తనిఖీ చేస్తూ ఉంటుంది. ట్యాంకు నుంచి ఆవిరి లీకయ్యే సందు అర మిల్లీమీటరు ఉన్నా అది పసిగట్టాలి. కన్వర్టర్ పరీక్ష మరింత సూక్ష్మం: మంచి కన్వర్టర్ ఆక్సిజన్‌ను తనలో దాచుకోగలదు కాబట్టి దాని వెనుకనున్న సెన్సర్ నిలకడగా ఉంటుంది, పాడైన కన్వర్టర్ వెనుక సెన్సర్ ముందరి సెన్సర్‌తో పాటే ఊగుతుంది. ఇలాంటి స్వీయ తనిఖీలు పూర్తయ్యాయని కంప్యూటర్ చెప్పే స్థితినే రెడీనెస్ అంటారు. బ్యాటరీ తీసి పెట్టినా, కొత్త లెక్క రాసినా ఆ స్థితి చెరిగిపోతుంది, కారును రకరకాల వేగాలలో కొంతకాలం నడిపితే తిరిగి వస్తుంది. కాలిఫోర్నియాలో 2000, ఆ తరువాతి పెట్రోలు కారుకు ట్యాంకు ఆవిరి తనిఖీ ఒక్కటి మాత్రమే అసంపూర్తిగా ఉండవచ్చు. వెనుక సెన్సర్‌ను మోసం చేయడం, కన్వర్టర్ తీసివేసి ఆ తనిఖీని కంప్యూటర్‌లో ఆపివేయడం ట్యూనింగ్ లోకంలో చాలాకాలం సాగాయి. అలాంటి కారు కంప్యూటర్, అంతా బాగుందని సాక్ష్యం చెబుతుంది.

దానికి జవాబుగా 2021 జూలై 19 నుంచి స్మాగ్ చెక్‌లో మరో ప్రశ్న చేరింది. ప్రతి కారు కంప్యూటర్‌లోని లెక్కల నుంచి ఒక ధ్రువీకరణ సంఖ్య పుడుతుంది. లెక్కలలో ఒక్క అంకె మారినా ఆ సంఖ్య మారుతుంది. కారు పంపిన సంఖ్య కంపెనీ ఇచ్చిన సంఖ్యతో గానీ, వాయు వనరుల మండలి ఆమోద ఉత్తర్వు పొందిన లెక్క సంఖ్యతో గానీ సరిపోకపోతే కారు తప్పినట్టే. ఆ ఆమోదాన్ని ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటారు. ఫలానా పరికరం లేదా లెక్క కారు ఉద్గారాలను పెంచదని తయారీదారు పరీక్షలతో చూపిస్తే మండలి ఇస్తుంది. ఈ సంఖ్య ఉత్తరం మీది లక్క ముద్ర వంటిది: పగిలితే ఎవరో విప్పారని తెలుస్తుంది, లోపల ఏం రాశారో తెలియదు. కన్వర్టర్‌ను తీసేసి తనిఖీలను ఆపేసినవారూ, కన్వర్టర్ ఉంచి, ఇథనాల్ సెన్సర్ అమర్చి, తనిఖీలన్నీ మేలుకొని ఉండేలా జాగ్రత్తగా లెక్క రాయించినవారూ ఈ ముద్ర ముందు ఒక్కటే అవుతారు. రెండో రకం యజమాని బాధ నిజమైనది.

అయినా ప్రభుత్వం అనుమానానికి కారణాలు చిన్నవి కావు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ సంస్థ డీజిల్ కార్లలో పరీక్ష జరుగుతున్న సంగతి గుర్తుపట్టి అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే ప్రోగ్రాం ఉందని అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించింది. ఆ పర్యావరణ సంస్థే 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం దాదాపు ఒక దశాబ్దంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కులలో ఉద్గార నియంత్రణ పరికరాలు తీసివేశారు. వాటి జీవితకాలంలో అదనంగా 5,70,000 టన్నుల నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో కలుస్తాయి. కంప్యూటర్ చెప్పే మాటపైనే పరీక్ష అంతా ఆధారపడినప్పుడు, ఆ మాటను ఎవరు మార్చగలరన్నది సాంకేతిక వివరంగా మిగలదు. ఒకరి ఆనందం కోసం నడిచే కారు పొగను బస్టాపులో నిలుచున్నవారు, బడికి వెళ్లే పిల్లలు పీలుస్తారు. వారు ఆ లెక్కను విప్పి చూడలేరు. తన కారు శుభ్రమన్న యజమాని నమ్మకం ఎంత నిజాయితీ గలదైనా, వారి దృష్టిలో అది ఇంకా రుజువు కాని మాటే. రుజువు చేయవలసిన భారం లెక్క మార్చినవారి మీద పడడం సబబే. అలా రుజువు చేయడానికి దారి ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, అక్కడ కాలిఫోర్నియా నిబంధన నిజంగానే ఇరుకు. ఆమోద ఉత్తర్వు కోసం చేయించే పరీక్షల ఖర్చును పెద్ద కంపెనీ వేల కార్ల మీద పంచుకోగలదు. ఊరి చివర షెడ్డులో ఒక్కొక్క కారుకు విడిగా లెక్క రాసే ట్యూనర్‌కు అది అందని పని.

పొగగొట్టం దగ్గర మొదలైన లెక్క పొలం దాకా వెళ్తుందని కూడా చెప్పాలి. అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాల్‌కే పోతుంది. ఆ పొలాలకు ఎరువు, ఆ కర్మాగారాలకు ఇంధనం, నీరు కావాలి. ఈ కోణం తెలుగు నేలకు బాగా తెలిసినదే. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ కర్మాగారం వద్దంటూ రోడ్డెక్కారు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో అంతకు ముందే అలాంటి ఆందోళన జరిగింది. గాలి, నీరు పాడవుతాయన్న భయమే రెండుచోట్లా వినిపించింది. అదే సమయంలో భారతదేశపు బంకులు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకు మారాయి. ఇక్కడి పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో, ఇంజిన్ ఖాళీగా తిరుగుతుండగా పొగగొట్టంలో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను చూస్తారు. అసిటాల్డిహైడ్‌ను ఆ పరీక్ష అడగదు, చల్లటి ఇంజిన్ మొదటి నిమిషాన్నీ అడగదు. ఇథనాల్ పాలు పెరిగే దేశం ఈ రెండు ప్రశ్నలను తన పరీక్షలలో చేర్చుకోవలసి ఉంది.

కాలిఫోర్నియాలో ఇంజిన్ మార్చిన కార్లను, మామూలు స్టేషన్లు తేల్చలేని కార్లను విడిగా చూసి ధ్రువీకరించే రిఫరీ కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. లెక్క మార్చిన ఇథనాల్ కార్లకు కూడా అక్కడ ఒక తలుపు తెరవవచ్చు. కన్వర్టర్ యథాస్థానంలో ఉండాలి, ఇథనాల్ సెన్సర్ ఉండాలి, తనిఖీలన్నీ పనిచేస్తుండాలి. వీటికి ఒప్పుకున్న కారును, కొత్త కార్ల ప్రభుత్వ పరీక్షలోలాగే కనీసం పన్నెండు గంటలు చల్లబరిచి, ట్యాంకులో ఉన్న మిశ్రమంతో స్టార్ట్ చేయించి, రోలర్ల మీద నడిపిస్తూ మొదటి నిమిషాల పొగను సంచులలో పట్టి కొలవాలి. చలికాలపు మిశ్రమంతో ఒకసారి, వేసవి మిశ్రమంతో మరోసారి ఆ కొలత జరగాలి. రుసుము యజమాని కట్టాలి, కొలత నెగ్గితే ఆ కారు లెక్కకు పుట్టిన ధ్రువీకరణ సంఖ్యను మండలి తన పట్టికలో చేర్చాలి. ఆ తరువాత ఆ లెక్కలో ఒక్క అంకె మార్చినా కారు తిరిగి ఆ రోలర్ల మీదికి రావలసిందే.